ధాన్యం నీళ్లు కాదుగా, అందులో మనిషి ఎలా మునుగుతాడు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో తెలుస్తుంది. మీరు కొత్తగా ఒక ధాన్యం నిల్వ కేంద్రంలో సూపర్‌వైజర్‌గా చేరారు. ఒక స్టీల్ బిన్‌లో మొక్కజొన్న కిందికి రావడం ఆగిపోయింది. "ఒకడు దిగి కర్రతో నాలుగు పోట్లు పొడిస్తే అదే వస్తుంది, పది నిమిషాల పని, ఆగర్ నడుస్తుంటేనే తొందరగా కదులుతుంది" అని పాతవాళ్లు అంటున్నారు. (ఆగర్ అంటే బిన్ అడుగు నుంచి ధాన్యాన్ని బయటికి తోడే మరలాంటి యంత్రం.) మీకు భయంగా ఉంది, కానీ ఎందుకు భయమో వాళ్లకు చెప్పలేకపోతున్నారు. ధాన్యం నీళ్లు కాదు కదా, మనిషి ఎలా మునుగుతాడు, ఒకవేళ మునిగినా నడుముకు తాడు ఉంటే లాగేయొచ్చు కదా అని అడిగారు.

ఎవర్నీ దింపకండి. మిగతాదంతా తర్వాత చదివినా ఫర్వాలేదు, ముందు ఆ పని ఆపించండి.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ బిన్‌ల మధ్యే పనిచేశాను. మొదట్లో లోపలికి దిగేవాణ్ని, తర్వాత ఎవర్నీ దిగనిచ్చేవాణ్ని కాదు. మీ వాళ్లు చెప్పే మాటలన్నీ ఒకప్పుడు నేనూ చెప్పినవే. అందుకే వాళ్ల మీద కోపం లేదు. వందసార్లు దిగి బయటికొచ్చినవాడికి ప్రమాదం గురించి చెబితే నవ్వొస్తుంది. అతనికి చెప్పకూడదు, చూపించాలి.

రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా తీసుకుని అడుగు కోసేయండి. మూత బిగించి తలకిందులుగా పట్టుకుని గోధుమలతో ముప్పావు వంతు నింపండి. సీసా సగం ఎత్తులో గోడ వెంబడి కొన్ని గింజలకు రంగు వేసి పెట్టండి. పైన మధ్యలో ఒక బోల్టును నిలువుగా, కొంచెం దిగేలా గుచ్చండి. ఇప్పుడు మూత తీయండి. రంగు గింజలు మొదట కదలనే కదలవు. పైపొర మధ్యలో చిన్న గుంట పడుతుంది, చుట్టూ ఉన్న గింజలు దాంట్లోకి జారుతుంటాయి. బోల్టు కొంచెం ఒరుగుతుంది, ఒక్క క్షణం ఆగినట్టే ఉంటుంది, ఆ తర్వాత కింద నుంచి ఎవరో గుంజినట్టు మాయమైపోతుంది. నేను ఇది కొత్తవాళ్లకు చూపించిన ప్రతిసారీ ఎవరో ఒకరు "మళ్లీ చూపించండి" అంటారు. ఆ ఒరిగి ఆగడం, మాయం కావడం మధ్య ఎంత తక్కువ టైమ్ ఉందో మొదటిసారి కంటికి అందదు.

అందులో కనిపించేదే మీ బిన్‌లోనూ జరుగుతుంది. కింద నుంచి తీస్తే కింది పొర ముందు పోతుందని అందరూ అనుకుంటారు. సాధారణ బిన్‌లలో అలా జరగదు. అడుగున మధ్యలో ఉన్న రంధ్రానికి నేరుగా పైన ఒక స్తంభంలా ధాన్యం కదులుతుంది, ఆ స్తంభానికి సరుకు అందేది పైపొర నుంచే. అంటే ఆగర్ నడుస్తుంటే బయటికి పోతున్నది మీ మనిషి నిలబడ్డ పొరే.

ఇప్పుడు లెక్క చూడండి. గంటకు 100 టన్నులు తీసే ఆగర్ సెకనుకు దాదాపు 28 కిలోలు తీస్తుంది. మొక్కజొన్న ఘనమీటరు సుమారు 720 కిలోలు తూగుతుంది కాబట్టి ఆ 28 కిలోలంటే దాదాపు 39 లీటర్ల చోటు. 70 కిలోల మనిషి ఒంటి పరిమాణం సుమారు 70 లీటర్లు. అంటే మనిషంత ధాన్యం రెండు సెకన్లలో వెళ్లిపోతోంది. శిక్షణ తరగతుల్లో మామూలుగా చెప్పే అంకెలు కూడా దీనికి తగ్గట్టే ఉంటాయి. నాలుగైదు సెకన్లలో కాళ్లు బయటికి తీయలేని స్థితి, ఇరవై రెండు సెకన్లకు అటూఇటూగా తల కూడా మునిగిపోవడం. "ఒరేయ్ ఆపండిరా" అన్న కేక బయట స్విచ్ దగ్గరున్నవాడికి వినిపించి, అర్థమై, చెయ్యి స్విచ్ మీదికి వెళ్లేసరికి ఎన్ని సెకన్లు పడుతుందో మీ ప్లాంటులోనే ఒకసారి కొలిచి చూడండి. మోటారు చప్పుడులో ఆ కేక వినిపిస్తుందో లేదో కూడా చూడండి.

ఇక తాడు సంగతి. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఇదే. నీళ్లలో మునిగినవాణ్ని లాగితే వస్తాడు, ఎందుకంటే నీళ్లు పట్టుకోవు. ధాన్యం పట్టుకుంటుంది. ఒంటి చుట్టూ ప్రతి గింజా పక్క గింజను నొక్కుతూ బట్టలకు, చర్మానికి రాపిడి పెడుతుంది. నడుము దాకా దిగిన మనిషిని పైకి లాగాలంటే సుమారు 180 కిలోల బరువు ఎత్తేంత బలం కావాలి. పూర్తిగా మునిగిన మనిషికి అది 400 కిలోల దాకా వెళ్తుంది. నలుగురు కలిసి ఆ బలం పెట్టగలిగినా, వెన్నెముక, భుజాల కీళ్లు దాన్ని తట్టుకోలేవు. అందుకే కూరుకున్న మనిషిని తాడుతో, వించ్‌తో గుంజకూడదు. తాడు పని కూరుకుపోయాక బయటికి లాగడం కాదు, అసలు కూరుకోకుండా ఆపడం. అది బిగుతుగా ఉంటేనే ఆ పని చేస్తుంది. ఐదారు మీటర్ల తాడు వదులుగా వేలాడుతుంటే శవం ఎక్కడుందో చూపించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మాట కటువుగా ఉంది, కానీ అలాంటి తాళ్లు నేను చాలా చూశాను. నిచ్చెన మెట్టుకు కట్టిన తాడు కూడా అంతే, ఆ మెట్టు అంత లాగుడుకు చేసింది కాదు.

తల బయటే ఉన్నా గండం గడిచినట్టు కాదు. ఛాతీ దాకా దిగితే ఊపిరి వదిలిన ప్రతిసారీ ఛాతీ కొంచెం లోపలికి పోతుంది, ఆ ఖాళీలోకి గింజలు వచ్చి కూర్చుంటాయి. మళ్లీ పీల్చేటప్పుడు అవి వెనక్కి జరగవు. ప్రతి శ్వాసకూ చోటు తగ్గుతుంది. అందుకే కూరుకున్నవాడు గింజుకోకూడదు, అరవకూడదు, వీలైతే చేతులు ఛాతీ ముందు అడ్డంగా పెట్టుకుని కాస్త జాగా కాపాడుకోవాలి. ముక్కూ నోరూ మునిగేలా ఉంటే చొక్కాతోనో దోసిలితోనో కప్పుకోవాలి.

ఇప్పటిదాకా చెప్పింది ఆగర్ నడుస్తున్నప్పటి మాట. "సరే, ఆగర్ ఆపి దింపుతాం" అని మీ వాళ్లు వెంటనే అంటారు. మీ బిన్‌లో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

ధాన్యం రావడం ఆగిపోయిందన్నారు. ఆగే ముందు ఎంత తీశారు? పైనుంచి మ్యాన్‌హోల్‌లో చూస్తే మధ్యలో గరాటులా గుంట ఉందా, లేక పైభాగం చదునుగా ఉందా? ఇది రాయలేదు, ముఖ్యమైనది ఇదే. తీసిన సరుకు పోయింది కాబట్టి ఎక్కడో ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ పైన గుంటగా కనబడలేదంటే కింద ఉందన్నమాట. తేమతో ముక్కిపోయిన ధాన్యం పైన అట్టలా గట్టిపడుతుంది, దాని కింద ఉన్నది జారిపోయి గుహ మిగులుతుంది. పైనుంచి చూస్తే బంగారంలాంటి చదునైన నేల. దాని మీద అడుగు పెట్టినవాడు అట్ట విరిగి గుహలో పడతాడు, చుట్టూ ఉన్నది అతని మీద కూలుతుంది. దీనికి ఆగర్ నడవాల్సిన పని లేదు.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడో నాలుగో ఏడో, ఇలాంటి అట్ట మీద నిలబడి తిరిగొచ్చాను. ఎక్కడన్నది అనవసరం. చేతిలో పొడవాటి ఇనుప కడ్డీ ఉంది. నిచ్చెన దిగి ఒక కాలు ధాన్యం మీద పెట్టాను, గట్టిగానే ఉంది. రెండో కాలూ పెట్టి కడ్డీతో పొడిచాను. మామూలుగా ధాన్యంలో కడ్డీ దిగితే సర్రుమని రాపిడి చప్పుడు వస్తుంది, చేతికి బరువు తెలుస్తుంది. ఆ రోజు ఒక జానెడు దాకా అలాగే దిగింది, ఆ తర్వాత ఒక్కసారిగా తేలికై పిడి దాకా జారిపోయింది. కింద ఏమీ లేదు. జానెడు మందం బూజు పొర మీద నిలబడి ఉన్నాను. ఊపిరి కూడా మెల్లగా తీస్తూ, చేతులు వెనక్కి చాపి నిచ్చెన దొరికేదాకా కాళ్లు ఎత్తకుండా జరిపాను. కడ్డీ అక్కడే వదిలేశాను. మరుసటి రోజు పైనుంచి బరువు వదిలి ఆ అట్ట పగలగొడితే, కింద ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడేంత లోతు ఖాళీ. ఇప్పటికీ కొత్తగా ఏదైనా మెట్టు మీద కాలు పెట్టేటప్పుడు ముందు మునివేళ్లతో నొక్కి చూసే అలవాటు నాకుంది, ఇంట్లోవాళ్లు నవ్వుతారు.

మరో రకం గోడకు అతుక్కున్న ధాన్యం. మధ్యలో ఖాళీ అయిపోతుంది, ఒక పక్కన మాత్రం మూడు నాలుగు మీటర్ల ఎత్తున నిటారుగా నిలబడి ఉంటుంది. పొడి మొక్కజొన్ననో గోధుమనో కుప్పగా పోస్తే అది నిలిచే వాలు ఇరవై నుంచి ముప్పై డిగ్రీల మధ్యే. అంతకంటే నిటారుగా నిలిచిందంటే దాన్ని బూజు పట్టుకుని ఉందన్నమాట, ఎప్పుడు వదిలేస్తుందో ఎవరూ చెప్పలేరు. మూడు మీటర్ల ఎత్తు, రెండు మీటర్ల వెడల్పు, అర మీటరు మందం ఉన్న ముక్క ఒక్కటి ఊడిపడితే రెండు టన్నుల పైమాటే. కింద నిలబడి పారతో గోకేవాడికి అది పడేముందు ఏ హెచ్చరికా రాదు.

ఇక్కడ నాకో గట్టి అభిప్రాయం ఉంది, నా తోటివాళ్లు కొందరు ఒప్పుకోరు. బిన్ ప్రమాదాన్ని హార్నెస్‌లతో (ఒంటికి తొడిగే రక్షణ బెల్టులతో), బోర్డులతో ఆపాలని చూడటం చివర్లో చేసే పని. అసలు పని ధాన్యం నింపిన రోజే చేయాలి. మంచి ధాన్యం తనంతట తాను జారి వస్తుంది, దాని కోసం ఎవరూ దిగరు. మనిషి దిగాడంటే లోపల పెళ్లలున్నాయి, పెళ్లలున్నాయంటే తేమ ఎక్కువైంది, అంటే ఎవరో ఆరబెట్టడం దగ్గరో గాలి పెట్టడం దగ్గరో చెయ్యి బిగబట్టారు. మొక్కజొన్నను ఏడాది దాకా నిల్వ ఉంచాలంటే తేమ 14 శాతానికి, అంతకు మించి ఉంచాలంటే 13 శాతానికి తేవాలి. నింపడం అయిపోగానే మధ్యలోంచి కొంత సరుకు తీసేయాలి. నింపేటప్పుడు నూక, దుమ్ము, తుక్కు అంతా నడిమధ్యనే పేరుకుంటాయి, ఫ్యాన్ గాలి అందులోంచి దూరదు, ముక్కడం అక్కడే మొదలవుతుంది. ఆ కాస్త తీసేస్తే గాలి ఆడుతుంది. ధాన్యం లోపలి వేడిని చూపే ఉష్ణోగ్రత కేబుళ్లు ఉంటే వారానికోసారైనా చూసి రాసుకోవాలి. ఒకే చోట వేడి పెరుగుతూ పోతుంటే అక్కడ అట్ట కడుతోందని గుర్తు. రూఫ్ మీద బోల్టు వదులై వాన చుక్కలు పడుతున్నాయేమో చూడటం కూడా నా లెక్కలో సేఫ్టీ పనే.

ఇప్పుడు మీ బిన్‌కి ఏం చేయాలి?

ముందు ఆగర్‌కు, కన్వేయర్‌కు, ఆ బిన్‌లోకి సరుకు పోసే ఎలివేటర్‌కు కరెంటు తీసి మెయిన్ స్విచ్‌కు తాళం వేయండి. ఫ్యూజ్ పీకడం, "పని జరుగుతోంది" అని అట్ట ముక్క తగిలించడం చాలవు. పనిచేసే ప్రతి ఒక్కరూ తమ తాళం తాము వేసి, చెవి తమ జేబులో పెట్టుకోవాలి. పైనుంచి టార్చితో చూసి, చదునా గుంటా తేల్చుకోండి. అట్ట ఉంటే మ్యాన్‌హోల్ బయట గట్టి వేదిక మీద నిలబడి, పొడవాటి కడ్డీతో పైనుంచే పగలగొట్టే ప్రయత్నం చేయండి. కడ్డీ లోపల పడిపోకుండా తాడు కట్టండి, లేకపోతే అది ఆగర్‌లో ఇరుక్కుని మరో తలనొప్పి. మనిషి లోపలికి పోకుండా పైనుంచి యంత్రంతో పెళ్లలు కొట్టే కాంట్రాక్టర్లు ఉంటారు, వాక్యూమ్‌తో పైనుంచే సరుకు లాగే యంత్రాలూ ఉన్నాయి. ఖర్చవుతుంది, ఒకట్రెండు రోజులు పని ఆగుతుంది. మేనేజర్ గొణుగుతాడు, గొణగనివ్వండి. ఒకటి మాత్రం చేయకండి, తొందరలో పక్క తలుపు తెరిచి ఒకవైపు నుంచి ధాన్యం వదలడం. బరువు ఒక పక్కే తగ్గితే బిన్ గోడ నలిగి మొత్తం కుప్పకూలే ప్రమాదముంది.

అన్నీ విఫలమై ఎవరైనా దిగాల్సి వస్తే, పెళ్లల బిన్‌లోకి మాత్రం నేను ఎవర్నీ పంపను. అట్ట లేదని, గోడకు అతుక్కున్నది లేదని తేలిన బిన్‌కైతే రాతపూర్వక పర్మిట్, గాలి పరీక్ష, ఒంటికి హార్నెస్, నడుము లోతు మించి దిగనివ్వనంత పొట్టిగా బిగించిన లైఫ్‌లైన్ (హార్నెస్‌కు కట్టే రక్షణ తాడు), బయట చూస్తూ ఉండటం తప్ప ఇంకే పనీ పెట్టుకోని ఒక మనిషి, ఇద్దరి మధ్య మాట వినిపించే ఏర్పాటు ఉండాలి. అమెరికాలో ధాన్యం నిల్వ కేంద్రాల కోసం 1987 చివర్లో అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా తెచ్చిన నిబంధనల్లో దాదాపు ఇవే ఉన్నాయి. ధాన్యం కదిలించడానికి దాని మీద నడవడాన్ని, అంటే మీ వాళ్లు చెప్పే పద్ధతినే, అవి నిషేధించాయి.

గాలి పరీక్ష అన్నాను కదా, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ముక్కిపోతున్న ధాన్యం ఆక్సిజన్ తినేసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బయటి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5 కన్నా తగ్గితే దిగకూడదు. పురుగు కోసం అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు వేసి ఉంటే ఫాస్ఫీన్ అనే విషవాయువు ఉంటుంది, దానికి ఎనిమిది గంటల పరిమితి పది లక్షల్లో 0.3 వంతు మాత్రమే. వెల్లుల్లి వాసన వస్తే ఉందనుకోండి, రాకపోతే లేదనుకోకండి. మీటరుతో పైన, మధ్యలో, ధాన్యం దగ్గర కొలవాలి.

జరగకూడనిది జరిగితే ఏం చేయాలో కూడా ముందే మాట్లాడుకోండి, ఆ టెన్షన్‌లో బుర్ర పనిచేయదు. ఆగర్ ఆపి తాళం వేయాలి. వెంటనే రెస్క్యూ వాళ్లకు ఫోన్ చేసి "ధాన్యంలో మనిషి కూరుకున్నాడు" అని స్పష్టంగా చెప్పాలి, వాళ్లు తెచ్చే సామాను వేరు. ధాన్యంలోకి గాలి పంపే ఏరేషన్ ఫ్యాన్ వేయాలి, హీటర్ మాత్రం వేయకూడదు. ఆగర్‌తో బిన్ ఖాళీ చేసే ప్రయత్నం చేయొద్దు, అది అతన్ని ఇంకా కిందికి లాగుతుంది. అన్నిటికన్నా కష్టమైనది, వెనకాలే ఎవరూ దూకకుండా ఆపడం. ఇరుకు చోట్ల మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లవేనని అమెరికాలో పనిచోట భద్రతపై పరిశోధన చేసే సంస్థ నియాష్ 1986లోనే చెప్పింది. అన్నో తమ్ముడో లోపలుంటే ఆ అంకె ఎవరికీ గుర్తుకు రాదు. అందుకే మ్యాన్‌హోల్ దగ్గర నిలబడి ఆపే మనిషి ఎవరో పేరు ముందే రాసి పెట్టుకోండి.

శిక్షణ పొందినవాళ్లు చేసేది ఏమిటంటే, కూరుకున్న మనిషి చుట్టూ రేకు పలకలను ఒక్కొక్కటిగా దింపి గొట్టంలా జత చేస్తారు. దాంతో బయటి ధాన్యం ఒత్తిడి ఆగుతుంది. ఆ గొట్టంలో ఉన్న గింజలను డబ్బాలతోనో చిన్న ఆగర్‌తోనో తోడేస్తారు. ఒత్తిడి పోయాక మనిషి తనే కాళ్లు కదిపి బయటికొస్తాడు. వాళ్లు కూడా ధాన్యం మీద నేరుగా నిలబడరు, చెక్క పలకలు పరుచుకుంటారు, లేకపోతే వాళ్ల బరువుకే గింజలు జారి అతని మీద పడతాయి. పూర్తిగా మునిగితే బిన్ గోడను రెండు మూడు చోట్ల, సమాన దూరంలో కోసి ధాన్యం వదులుతారు.

మీ పాతవాళ్లు "మా సర్వీసులో ఎవరికీ కాలేదు" అంటారు. 2010లో ఒక్క అమెరికాలోనే ఇలా కూరుకుపోయిన ఘటనలు 50కి పైగా నమోదయ్యాయి, కనీసం 26 మంది చనిపోయారు. ఆ ఏడాది జులైలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మౌంట్ కారొల్‌లో మొక్కజొన్నను కదిలించడానికి బిన్‌లోకి దిగిన కుర్రాళ్లలో 14, 19 ఏళ్ల ఇద్దరు చనిపోయారు, మూడోవాణ్ని గంటల తరబడి శ్రమించి బయటికి తీశారు. వాళ్లకు అప్పగించిన పనీ మీ వాళ్లు చెప్పే పది నిమిషాల పనే. ఆ ఇద్దరి సర్వీసు ఎన్ని రోజులో ఆలోచించండి. కొత్తగా చేరిన కుర్రాణ్నే "నువ్వు తేలిగ్గా ఉంటావ్, దిగు" అంటారు, అన్నిచోట్లా అంతే. మీ దగ్గర కూడా ఎవర్ని దింపుదామన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఆ బిన్ ఎప్పుడు నింపారు, అప్పుడు తేమ ఎంత, ఫ్యాన్ ఎన్ని గంటలు నడిచింది, ఆగిపోయేలోపు ఎన్ని టన్నులు తీశారు, పైన చూస్తే ఏం కనిపించిందో రాయండి. అవి తెలిస్తే అట్ట ఎంత మందం ఉండొచ్చో, ఖాళీ ఎంత లోతో కొంత అంచనా చెప్పగలను. అప్పటిదాకా పై మ్యాన్‌హోల్‌కు కూడా ఒక తాళం వేసి, చెవి మీ దగ్గరే పెట్టుకోండి.